జాలి పక్కన పెట్టి చూస్తే: కాంతారావు

2023 నవంబర్ 16న ఫేస్‌బుక్‌లో నేనొక పోస్టు రాశాను. నటుడు కాంతారావు పుట్టి ఆ రోజుకి నూరేళ్ళు. కోదాడ దగ్గర గుడిబండలో పుట్టిన మనిషి, జానపద సినిమాల్లో కత్తి తిప్పి రాజ్యాలేలిన మనిషి, సొంత సినిమాలు తీసి ఆస్తులు పోగొట్టుకుని చివరి రోజుల్లో ఇబ్బందులు పడ్డ మనిషి అని పదిహేను లైన్లు. ‘విధి’ అనే మాట రెండుసార్లు వాడాను. లైకులు బాగానే వచ్చాయి. కింద అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు.

ఆ రాత్రి మిర్యాలగూడ నుంచి మా నాయిన ఫోన్ చేశాడు. మా చెల్లెలు పోస్టు చదివి వినిపించిందట.

“రాసినవు గనీ, ఆయన సినిమాలు ఎన్ని సూసినవ్ రా?”

నేను లోలోపల లెక్క పెట్టుకున్నాను. మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూసినవి నాలుగు. అందులో రెండు చిన్నప్పుడు, సగం నిద్రలో.

“పైసలు పోయినయని రాసినవ్. ఆయన చేసిన పనేందో ఒక్క ముక్క రాయలే,” అని పెట్టేశాడు.

నాయిన ముప్పై ఏళ్ళు రైస్‌మిల్లులో గుమస్తాగా చేశాడు. మనిషి గురించి మాట్లాడితే ముందు పని గురించి మాట్లాడాలి అనేది ఆయన పద్ధతి. నాకు సిగ్గనిపించింది. ఆ తర్వాత దాదాపు ఏడాదిపాటు శనివారం రాత్రుళ్ళు యూట్యూబ్‌లో కాంతారావు సినిమాలు చూస్తూ వచ్చాను. కొన్ని ప్రింట్లు చాలా పాడైపోయాయి. కొన్నిట్లో పెదవి ముందు కదులుతుంది, మాట తర్వాత వినిపిస్తుంది. ఈ వ్యాసం అలా చూడటంలోంచి వచ్చింది. నేను సినిమా చదువుకున్నవాణ్ణి కాదు. చదివింది ఇంజనీరింగు, చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కాబట్టి పొరపాట్లుంటే చదివినవాళ్ళు దిద్దుతారనే ధైర్యంతో రాస్తున్నాను.

*

ముందు తెలిసిన విషయాలు. పూర్తి పేరు తాడేపల్లి లక్ష్మీకాంతారావు. 1923లో పుట్టారు. సినిమాకి ముందు నాటకం. సురభి నాటకాలతో పరిచయం, రంగస్థలం మీద అనుభవం. 1951లో హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘నిర్దోషి’తో సినిమాల్లోకి వచ్చారు. అదే దర్శకుడి ‘ప్రతిజ్ఞ’ (1953)లో హీరో. రాజనాల మొదటి సినిమా కూడా అదే. తర్వాత రెండు దశాబ్దాలు తెరమీద ఒకరి మీద ఒకరు కత్తి దూసిన ఇద్దరూ ఒకే సినిమాతో నిలదొక్కుకోవడం నాకు తమాషాగా అనిపిస్తుంది. ఆపైన విఠలాచార్య జానపదాలు, పౌరాణికాల్లో నారదుడు, కృష్ణుడు, లక్ష్మణుడు, సాంఘికాల్లో రెండో హీరో. తర్వాత తండ్రులు, పెద్దమనుషులు, చివర్లో టీవీ సీరియళ్ళు. రఘుపతి వెంకయ్య అవార్డు వచ్చింది. ‘అనగనగా ఒక రాకుమారుడు’ అని ఆత్మకథ ఉంది. 2009 మార్చి 22న హైదరాబాదులో చనిపోయారు.

మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట మధ్య పెరిగినవాళ్ళకి ఈ వివరాలు ఎవరూ చెప్పక్కర్లేదు. మా ఇల్లు మిర్యాలగూడలో. మా నాయనమ్మ ఊరు కోదాడ వైపు. మేనమామ సూర్యాపేటలో. సెలవులకి ఏ ఊరికి పోయినా టీవీలో పాత సినిమా వస్తే ఎవరో ఒకరు “మన కాంతారావు” అనేవాళ్ళు. ముందు దూరదర్శన్, తర్వాత ఈటీవీ, జెమినీ మధ్యాహ్నం సినిమాలు. “మన” అన్నాక వెంటనే వచ్చే వాక్యం కూడా ఎప్పుడూ ఒకటే: “పాపం, ఆఖరికి ఏం మిగల్లేదు.” ఈ రెండు వాక్యాలే నా పోస్టులో పదిహేను లైన్లయ్యాయి. మా దగ్గరే కాదు, ఆయన గురించి ఎక్కడ చదివినా దాదాపు ఇంతే. సినిమాల జాబితా, కత్తి, కష్టాలు.

ఈ జాలి అబద్ధం కాదు. కానీ అది ఒక పని చేస్తుంది. మనిషి చివరి పదేళ్ళని తీసుకొచ్చి మొత్తం జీవితం మీద దుప్పటిలా కప్పేస్తుంది. అప్పుడు నటన కనపడదు. ఆ దుప్పటి తీసి చూస్తే నాకు కనపడింది ఇదీ: కాంతారావు పక్కన నిలబడటంలో గొప్ప నటుడు. ఇది తక్కువ చేసి చెప్పడం కాదు. ఆయన పక్కన ఉండటం వల్లే నమ్మగలిగిన పాత్రలు తెలుగు సినిమాలో కొన్ని ఉన్నాయి.

*

దీనికి సాక్ష్యం ఒక్క సంవత్సరంలో దొరుకుతుంది. 1963.

జనవరిలో కె.వి. రెడ్డి ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’. అక్కినేని అర్జునుడు, రామారావు కృష్ణుడు, కాంతారావు నారదుడు. మార్చిలో ‘లవకుశ’. రామారావు రాముడు, కాంతారావు లక్ష్మణుడు. అక్టోబరులో కమలాకర కామేశ్వరరావు ‘నర్తనశాల’. రామారావు అర్జునుడు, బృహన్నల. కాంతారావు కృష్ణుడు. అదే సంవత్సరం విఠలాచార్య ‘గురువును మించిన శిష్యుడు’లో ఆయనే హీరో.

ఒకసారి ఈ వరసని నెమ్మదిగా చూడండి. ఒకే మనిషి ఎదురుగా ఒకే ఏడాది మూడు స్థాయిల్లో నిలబడాలి. ఒక దాంట్లో దేవుడి ముందు నారదుడు. ఒక దాంట్లో అన్న ముందు తమ్ముడు. ఇంకో దాంట్లో తానే దేవుడు, ఎదుటివాడు భక్తుడు, సఖుడు. మధ్యలో ఎక్కడో వేరే స్టూడియోలో తన సొంత కత్తి, తన సొంత రాజ్యం. పైగా ఇద్దరూ ఒకే ఏడాది పుట్టినవాళ్ళు. రామారావు మేలో, కాంతారావు నవంబర్లో. లక్ష్మణుడు నిజంగానే ఆరు నెలల తమ్ముడు.

వీటిలో అన్నిటికంటే కష్టమైనది ‘నర్తనశాల’ అని నా అభిప్రాయం. అందులో కృష్ణుడికి ఉన్న సన్నివేశాలు కొంచెమే. ఆ సినిమా గురించి మాట్లాడితే ఎస్వీ రంగారావు కీచకుడి దగ్గర మొదలుపెడతాం, రామారావు బృహన్నల దగ్గర ఆగుతాం. అది న్యాయమే. కానీ 1957లో ‘మాయాబజార్’ వచ్చాక తెలుగువాళ్ళకి కృష్ణుడంటే రామారావే. ఇళ్ళల్లో క్యాలెండర్ల మీద కూడా ఆ ముఖమే. అలాంటి మనిషి అర్జునుడిగా ఎదురుగా నిలబడి ఉంటే, ఇంకొకరు నెమలి ఈక పెట్టుకుని వచ్చి “నేను కృష్ణుణ్ణి” అనాలి. జనం నమ్మాలి. నమ్మకపోతే నవ్వుతారు, నవ్వితే పౌరాణికం పోయినట్టే.

కాంతారావు అక్కడ పోటీకి పోరు. రామారావు కృష్ణుడి చిలిపితనం, ఆ కనుబొమ ఎగరేయడం, ఆ వెక్కిరింపు తెచ్చుకోరు. ఆయన కృష్ణుడు నెమ్మది మనిషి. ఇంటికి వచ్చిన పెద్ద బంధువులా ఉంటాడు. జరగబోయేది తెలుసు, అయినా చెప్పడు. మాట ముగిశాక ఒక చిన్న నవ్వు ఉంటుంది, అంతే. దానివల్ల ఏమైందంటే రామారావు ఆ సినిమా అంతా అర్జునుడిగా ఉండగలిగారు. ఎదుట ఉన్న కృష్ణుడు గట్టిగా పోటీ పడి ఉంటే మన కళ్ళు ఇద్దర్నీ పోల్చుకుంటూ కూర్చునేవి. రెండేళ్ళ తర్వాత ‘పాండవ వనవాసం’లో రామారావు భీముడిగా చేసినప్పుడు కూడా కృష్ణుడు కాంతారావే. మళ్ళీ ఆయన్నే పిలిచారంటే పని తెలిసినవాళ్ళకి ఈ సంగతి తెలుసన్నమాట.

‘లవకుశ’లో పని వేరు. సీతని రథం ఎక్కించి అడవిలో వదిలి రావాల్సింది లక్ష్మణుడు. ఎందుకు తీసుకెళ్తున్నాడో అతనికి తెలుసు, మనకి తెలుసు, పక్కన కూర్చున్న సీతకి తెలియదు. అంజలీదేవి సీత సంతోషంగా ఉంటుంది. ఇక్కడ నటుడికి ఒకే ముఖంలో రెండు ముఖాలు కావాలి. సీతకి కనపడకూడనిది మనకి కనపడాలి. కొంచెం ఎక్కువ చేస్తే సీత మరీ అమాయకురాలైపోతుంది. కొంచెం తక్కువ చేస్తే లక్ష్మణుడు రాయిలా ఉంటాడు. కాంతారావు గొంతుని దించి, మాటల్ని పొట్టిగా తెంపుతారు. ఏడుపు గొంతులోనే ఆగిపోతుంది, కళ్ళదాకా రాదు. సీతకి సంగతి చెప్పాల్సి వచ్చిన క్షణంలో మాత్రమే అది బయటపడుతుంది. నేను ఈ భాగం నాలుగైదుసార్లు చూశాను. రాముడి నిర్ణయం మీద మనకి కోపం వస్తుంది. ఆ కోపం తట్టుకుని కథ ముందుకి పోవాలంటే అయోధ్య వైపు ఎవరో ఒకరు మనలాగే బాధపడేవాడు ఉండాలి. ఆ మనిషి లక్ష్మణుడు. రాముడు మనకి దూరం కాకుండా చూసినవాడు అతనే.

ఇక నారదుడు. ‘దీపావళి’ (1960), ‘సీతారామ కళ్యాణం’ (1961), ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’, ‘శ్రీకృష్ణ తులాభారం’ (1966). తెలుగులో నారదుడంటే ఆయనే అయిపోయారు. నాటకాల్లో నారదుడికి ఒక ఇబ్బంది ఉంది. అతను తంపులమారి, నవ్వించాలి. కానీ మహర్షి కూడా. చాలామంది మొదటిదే పట్టుకుంటారు. తర్వాత తర్వాత వచ్చిన సినిమాల్లో నారదుడు దాదాపు జోకరయ్యాడు. కాంతారావు నారదుడు ఎప్పుడూ జోకులేయడు. ఆయన ఎదుటివాడి కోపానికి చిన్న అగ్గిపుల్ల గీసి పక్కకి తప్పుకుంటాడు. ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’ చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘గయోపాఖ్యానం’ నాటకం కథే. ఆంధ్ర దేశమంతా ఊరూరా ఆడిన నాటకం. గయుడు ప్రాణభయంతో పరిగెత్తి అర్జునుడి శరణు చేరడం వెనక ఉన్నది నారదుడే. అంటే బావా బావమరుదుల యుద్ధానికి మూలం. అంత పెద్ద తగాదా పెట్టిన మనిషి మీద మనకి కోపం రాదు. ఎందుకంటే కథ ఎట్లా ముగుస్తుందో తనకి తెలుసన్న భరోసా ఆ ముఖంలో, ఆ నడకలో ఉంటుంది. మైకు లేని రోజుల్లో ఆఖరి వరస దాకా మాట చేరవేసిన రంగస్థలం గొంతు అది. దాన్ని సినిమా మైకుకి సరిపడా తగ్గించుకున్నారు గానీ, పలుకులో స్పష్టత వదులుకోలేదు.

*

పౌరాణికం వదిలేద్దాం. ‘రక్త సంబంధం’ (1962) చూడండి. తమిళ ‘పాశమలర్’కి రీమేక్. అన్నాచెల్లెళ్ళు రామారావు, సావిత్రి. చెల్లెలి భర్త కాంతారావు. ఇప్పుడు ఒక్క విషయం గుర్తు చేసుకోవాలి. అదే ఏడాది జూన్‌లో ‘గుండమ్మ కథ’ వచ్చింది. అందులో రామారావు, సావిత్రి భార్యాభర్తలు. అంతకు ముందు ‘మిస్సమ్మ’. జనం వాళ్ళని జంటగా చూసి అలవాటు పడ్డారు. అయిదు నెలలు తిరక్కుండానే వాళ్ళని అన్నాచెల్లెళ్ళుగా నమ్మాలి. ఈ నమ్మకం రామారావు, సావిత్రి ఇద్దరే సంపాదించలేరు. ఆ చెల్లెలు ఇంకో మనిషిని నిజంగా ప్రేమించినట్టు కనపడాలి. ఆ మనిషి ప్రేమించదగినవాడుగా ఉండాలి. అన్నతో తగాదా పడినా విలన్ కాకూడదు.

కాంతారావు ఆ ఆనంద్ పాత్రని మర్యాద తెలిసిన, కొంచెం మొండి మనిషిగా చేశారు. సినిమా అయిపోయాక మనం ఏడ్చేది అన్నాచెల్లెళ్ళ కోసం. ఆనంద్ గుర్తుండడు. మా ఉద్యోగంలో రాత్రంతా సర్వర్లు పడిపోకుండా చూసుకునేవాడి పేరు కంపెనీలో ఎవరికీ తెలియదు. పడిపోయిన రోజే తెలుస్తుంది. ఆనంద్ అలాంటి పాత్ర. అక్కడ ఇంకో నటుడు సరిగ్గా చేయకపోయి ఉంటే అప్పుడు తెలిసేది.

ఇంత చెప్పాక లోపాలు కూడా చెప్పకపోతే ఇది నా పాత పోస్టుకి ఇంకో రూపం అవుతుంది. హీరోగా కాంతారావు నాకు అంతగా నచ్చలేదు. ‘జయవిజయ’, ‘మదన కామరాజు కథ’, ‘జ్వాలాద్వీప రహస్యం’ లాంటి విఠలాచార్య సినిమాలు సరదాగానే ఉంటాయి. తక్కువ ఖర్చు, వాడిన సెట్టే మళ్ళీ వాడటం, మంత్రాలు, దయ్యాలు, మనుషులు జంతువులవడం. అందులో ఆయన కత్తి పట్టుకున్న తీరు చూడముచ్చటగా ఉంటుంది. నడుము నుంచి కదులుతారు, చెయ్యి మాత్రమే తిప్పరు. కానీ రాకుమారుడి మనసులో ఏముందో అని మనం ఆలోచించం, ఆయన కూడా ఆలోచించినట్టు కనపడదు. ఒక సినిమాలో నవ్వు, ఇంకో సినిమాలో నవ్వు ఒకటే. ప్రేమ సన్నివేశాల్లో గొంతు రంగస్థలం మీదే ఉండిపోతుంది. ఎదురుగా ఇంకో బలమైన మనిషి లేకపోతే ఆయనకి పట్టు దొరకదనిపిస్తుంది. పక్కన నిలబడేవాడికి పక్కన ఎవరో ఒకరు ఉండాలి కదా.

ఆ పట్టు దొరికితే హీరోగా కూడా ఎట్లా ఉంటుందో ‘ఏకవీర’ (1969) చూపించింది. విశ్వనాథ సత్యనారాయణ నవల, సి. నారాయణరెడ్డి మాటలు, సి.ఎస్. రావు దర్శకత్వం. మధుర నాయకరాజుల కాలం. ఇద్దరు స్నేహితులు, ఒకడు ప్రేమించిన అమ్మాయి ఇంకొకడికి భార్య అవుతుంది. సేతుపతి రామారావు, వీరభూపతి కాంతారావు. ఇక్కడ ఇద్దరి బరువూ సమానం. స్నేహితుడి ఎదుట చెప్పలేని మాటని మోసుకుంటూ తిరిగే మనిషిగా కాంతారావు నాకు ‘లవకుశ’ లక్ష్మణుణ్ణి గుర్తు చేశారు. దాచుకోవడం ఆయన బలం. ఆ బలం వాడుకున్న దర్శకులు తక్కువ.

*

ఇప్పుడు అందరూ చెప్పే ఆ పతనం సంగతి. 1969లో ‘సప్తస్వరాలు’, ‘గండరగండడు’, 1971లో ‘ప్రేమజీవులు’, చాలా ఏళ్ళ తర్వాత 1989లో ‘స్వాతిచినుకులు’. నిర్మాతగా ఆయన తీసిన సినిమాలివి. డబ్బులు పోయాయి. దీన్ని మా వైపు నీతికథలా చెప్తారు, ‘చేతకాని వ్యాపారంలో వేలు పెట్టాడు’ అని.

తారీఖులు చూస్తే ఇంకో సంగతి కనపడుతుంది. 1966లో కృష్ణ ‘గూఢచారి 116’ వచ్చింది. కత్తి స్థానంలోకి పిస్తోలు వచ్చింది. ‘గండరగండడు’ దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్. సరిగ్గా రెండేళ్ళకి అదే దాస్ ‘మోసగాళ్ళకు మోసగాడు’ తీశాడు. కౌబాయ్ టోపీ, గుర్రం, తుపాకీ. అంటే కాంతారావు డబ్బు పెట్టి నిలబెడదామనుకున్న జానపదాన్ని ఆయనతో పనిచేసినవాళ్ళే దాటి వెళ్ళిపోతున్నారు. తనకి తెలిసిన పని పోతోంది, దాన్ని సొంత డబ్బుతో ఇంకొన్నాళ్ళు బతికిద్దాం అనుకున్నాడు. మిర్యాలగూడలో పాతబడ్డ మిల్లుని అప్పు తెచ్చి నడిపినవాళ్ళని నేను చూశాను. వాళ్ళని తెలివితక్కువవాళ్ళు అనడం తేలిక. తెలిసిన పని చేతిలోంచి జారిపోతుంటే ఊరికే చూస్తూ ఉండటం అంత తేలిక కాదు.

*

సూర్యాపేటలో మా మేనమామ రిటైరైన టీచరు. ఈ వ్యాసం రాస్తున్నానంటే ఆయన వాదన ఆయన పెట్టాడు.

“తెలంగాణోడు గాబట్టే ఆయనకు దక్కాల్సింది దక్కలె అల్లుడూ. గది రాయి నువ్వు.”

ఈ మాట మా దగ్గర చాలామంది అంటారు. 2023లో రామారావు శతజయంతికి వంద రూపాయల నాణెం వచ్చింది. అదే ఏడాది కాంతారావు నూరేళ్ళు. మామ మాటలో ఉన్న బాధ నాకు అర్థమవుతుంది. కానీ నేను చూసిన సినిమాలు ఆ వాదనకి పూర్తిగా సాక్ష్యం చెప్పవు. హెచ్.ఎం. రెడ్డి, కె.వి. రెడ్డి, కమలాకర కామేశ్వరరావు, సి.ఎస్. రావు అందరూ ఆయన్ని పిలిచారు. చిన్న పాత్రలిచ్చి వదిలేయలేదు, కథ నిలబడే చోట నిలబెట్టారు. రామారావు తాను మొదటిసారి దర్శకత్వం చేసిన ‘సీతారామ కళ్యాణం’లో నారదుడిగా పెట్టుకున్నారు. దీన్ని తొక్కేయడం అనడానికి నాకు మనసొప్పదు.

అయితే మామ చెప్పిన దాంట్లో ఇంకో నిజం ఉంది, అది ఆయన అనుకున్న చోట లేదు. అది భాషలో ఉంది. కోదాడ సరిహద్దు ఊరు. వాగు దాటితే 2022 దాకా కృష్ణా జిల్లా. సూర్యాపేటవాళ్ళు కోదాడవాళ్ళని “ఆంధ్రోళ్ళ లెక్క మాట్లాడుతరు” అని ఆటపట్టిస్తారు. అయినా మా నాయనమ్మ మాటలో ఉన్న యాస ఉందే, అది గుడిబండ పిల్లవాడి చెవుల్లోనూ పడే ఉంటుంది. నేను చూసినంతలో కాంతారావు నోట ఆ యాస ఒక్కసారి కూడా రాలేదు. రాజులు, దేవుళ్ళు, ఋషులు ఎట్లాగూ మాట్లాడరు. సాంఘికాల్లోనూ లేదు. ఆయన ఒక్కరే కాదు. ఆ రోజుల సినిమాలో పెద్దమనిషి మాట్లాడే తెలుగు ఒకటే, ఏ ఊరివాడైనా అదే నేర్చుకోవాలి. తెలంగాణ పల్లె మాట కథ మొత్తం నిండిన ‘మా భూమి’ థియేటర్లకి వచ్చేసరికి 1980. అప్పటికి కాంతారావుకి యాభై ఏడేళ్ళు. అంత స్పష్టమైన పలుకు సంపాదించిన నటుడు తన ఇంటి మాటలో ఒక్క పాత్ర చేసి ఉంటే ఎట్లా ఉండేదో అని అనిపిస్తుంది. ఎవరి మీదా నేరం మోపడానికి కాదు. ఆ లోటు లెక్కలో ఉండాలి, అంతే.

మామ ఇంకొకరి పేరు కూడా గుర్తు చేశాడు. ప్రభాకర్ రెడ్డి. తుంగతుర్తి మనిషి, డాక్టరు చదువు చదివి సినిమాల్లోకి పోయినవాడు. 1960లో ‘చివరకు మిగిలేది’తో మొదలుపెట్టి వందల సినిమాల్లో విలన్లు, తండ్రులు, పోలీసాఫీసర్లు. అప్పట్లో అంతా నల్గొండ జిల్లా. 2016లో జిల్లాలు విడగొట్టాక గుడిబండ, తుంగతుర్తి రెండూ సూర్యాపేట జిల్లాలోకి వెళ్ళాయి. మా మిర్యాలగూడ నల్గొండలోనే మిగిలింది. నేను రోజూ ఆఫీసుకి పోయే దారిలో మణికొండ దగ్గర సినీ కార్మికుల చిత్రపురి కాలనీ ఉంది. దానికి ప్రభాకర్ రెడ్డి పేరే పెట్టారు. కార్మికుల ఇళ్ళ కోసం ఆయన తన భూమి ఇచ్చాడు. ఒకే ప్రాంతం నుంచి పోయిన ఇద్దరిలో ఒకరు ఇచ్చిన భూమిలో వందల కుటుంబాలు ఉంటున్నాయి, ఇంకొకరి భూమి సినిమా రీళ్ళలో కలిసిపోయింది. ఎనిమిదేళ్ళుగా ఆ దారిన పోతున్నాను, బోర్డు చదివింది మాత్రం ఈ మధ్యే.

*

కాంతారావు తర్వాతి పాత్రల గురించి రాయడానికి నా దగ్గర ఎక్కువ లేదు. తండ్రి, జమీందారు, గుళ్ళో పెద్దమనిషి. రెండు మూడు సన్నివేశాలు, ఆశీర్వాదం, ఫోటోకి దండ. చాలా సినిమాల్లో ఆయన్ని ఒక గుర్తుగా వాడారు, నటుడిగా కాదు. 2010లో, ఆయన చనిపోయిన మరుసటి ఏడాది, అల్లరి నరేష్ హీరోగా ‘కత్తి కాంతారావు’ అని ఒక కామెడీ సినిమా వచ్చింది. జనం ముద్దుగా పెట్టుకున్న పేరు అప్పటికి ఒక టైటిల్‌గా మిగిలింది. అయినా ఆ చిన్న పాత్రల్లో కూడా ఒక సంగతి గమనించాను. ఎదుటివాళ్ళు డైలాగు చెప్తున్నప్పుడు ఆయన వింటారు. కెమెరా తన మీద లేనప్పుడు కూడా వింటూనే ఉంటారు. టీవీలో అయినా, పెద్ద తెరమీద అయినా ఇది పోలేదు.

గడిచిన సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు ల్యాప్‌టాప్‌ని టీవీకి తగిలించి ‘లవకుశ’ పెట్టాను. నాయిన, నేను ఇద్దరమే. అడవిలో రథం ఆగింది. నేను నాయిన ముఖం చూస్తున్నాను, ఏడుస్తాడేమో అని. ఏడవలేదు. కొంచెం ముందుకి వంగి కూర్చున్నాడు.

“సూడు,” అన్నాడు, “ఆయన సీతమ్మ కన్న ముందల దిగుతలేడు. దిగుడు ఆయనకి ఇష్టం లేదు.”

నేను ఆ సన్నివేశం నాలుగైదుసార్లు చూశానని పైన గొప్పగా రాశాను కదా. ఆ సంగతి నేను గమనించలేదు. వెనక్కి జరిపి మళ్ళీ పెట్టాను.